తాళంచెవి లేని జేబు: డిటెక్టివ్ రాక్‌ఫర్డ్‌ను జైలుకు పంపిన గ్రాండ్ జ్యూరీ

పాత డిటెక్టివ్ సీరియళ్ల కథ ఎలా నడుస్తుందో మనకు తెలిసిందే. ఓ క్లయింటు వస్తాడు, ఓ శవం దొరుకుతుంది, నలుగురి మీద అనుమానం, చివరి ఐదు నిమిషాల్లో అసలు దొంగ బయటపడతాడు. 1976 నవంబరులో అమెరికాలో ఎన్‌బీసీ చానల్ వేసిన 'ది రాక్‌ఫర్డ్ ఫైల్స్' ఎపిసోడ్ ఒకటి ఆ దారిలో పోదు. దాని పేరు 'సో హెల్ప్ మి గాడ్'. సాక్షి ప్రమాణం చేస్తూ చివర్లో అనే మాట అది, మన కోర్టుల్లో 'దైవసాక్షిగా' అన్నట్టు. ఇందులో డిటెక్టివ్‌ని ముప్పుతిప్పలు పెట్టేది గ్రాండ్ జ్యూరీ, అంటే ఒకరి మీద కేసు పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం, కూర్చునే ఒక గది. ఆ గదిలో జరిగేదంతా చట్టబద్ధమే. చూస్తున్నంతసేపూ మనకు ఊపిరాడనిది అందుకే.

రాక్‌ఫర్డ్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఈ సిరీస్ 1974 సెప్టెంబరు నుంచి 1980 జనవరి దాకా వచ్చింది. జేమ్స్ గార్నర్ హీరో. హీరో అన్నాను గానీ జిమ్ రాక్‌ఫర్డ్‌లో ఆ లక్షణాలు తక్కువ. మాలిబు తీరంలో ఒక ట్రైలర్‌లో కాపురం. ఫీజు రోజుకు 200 డాలర్లు, ఖర్చులు అదనం. అదీ చేతికందేది తక్కువసార్లే. తుపాకీ ఉంది, కానీ బిస్కెట్ల డబ్బాలో పడి ఉంటుంది. ప్రతి ఎపిసోడూ అతని ఆన్సరింగ్ మెషిన్ మోగడంతో మొదలవుతుంది. ఫోన్ చేసేది బాకీ అడిగేవాడో, కొత్త తలనొప్పి తెచ్చేవాడో అయి ఉంటాడు. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: అతను చేయని దోపిడీకి శాన్ క్వెంటిన్ జైల్లో ఐదేళ్లు మగ్గి, క్షమాభిక్ష మీద బయటికొచ్చిన మనిషి. జైలంటే అతనికి సినిమా సెట్టింగు కాదు. మళ్లీ ఆ వాసన తగిలితే ఎలా ఉంటుందో గార్నర్ ముఖంలో తెలుస్తుంది.

కథ విషయానికొస్తే, ఒక యూనియన్ నాయకుడు కనిపించకుండా పోతాడు. ఆ కేసులో ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ ముందు సాక్ష్యం చెప్పమని రాక్‌ఫర్డ్‌కి సమన్లు వస్తాయి. ఆ నాయకుడి మాయం గురించి ఇతనికి ఏమీ తెలియదు. గ్యారీ బెవిన్స్ అనే ప్రాసిక్యూటర్ మాత్రం నమ్మడు. ఆ పాత్ర వేసింది విలియం డేనియల్స్. తర్వాతి రోజుల్లో 'నైట్ రైడర్' సిరీస్‌లో మాట్లాడే కారుకు గొంతు ఇచ్చింది ఆయనే. బెవిన్స్ అరవడు, బల్ల గుద్దడు. తన పని తాను చేసుకుపోతున్న శ్రద్ధగల ఆఫీసరులా ఉంటాడు. చివరికి రాక్‌ఫర్డ్ కోర్టు ధిక్కారం కింద జైలుకు పోతాడు. మిగతా మలుపులు చెప్పి చూసేవాళ్ల సరదా పాడుచేయను.

రచయిత్రి వానిటా బార్ట్‌లెట్ ఈ కథ రాసే నాటికి అమెరికాలో ప్రతి ఇంట్లోనూ ఒక పేరు నానుతోంది. లారీ డ్రైవర్ల యూనియన్ 'టీమ్‌స్టర్స్'కు 1957 నుంచి 1971 దాకా అధ్యక్షుడిగా ఉన్న జిమ్మీ హోఫా 1975 జూలై 30న డెట్రాయిట్ శివార్లలోని ఒక రెస్టారెంటు దగ్గర ఉన్నట్టుండి మాయమయ్యాడు. ఈనాటికీ శవం దొరకలేదు. ఆ కేసులోనూ గ్రాండ్ జ్యూరీ కూర్చుంది, పిలిచినవాళ్లలో చాలామంది నోరు విప్పలేదు. కాబట్టి మాయమైన యూనియన్ నాయకుడు అనగానే అప్పటి ప్రేక్షకుడికి వేరే వివరణ అక్కర్లేదు. (రాక్‌ఫర్డ్ తండ్రి రాకీ కూడా రిటైరైన లారీ డ్రైవరే. సిరీస్ మొదలైనప్పటి నుంచీ అంతే, హోఫా కోసం పెట్టింది కాదు.)

ఇప్పుడు అసలు చిక్కుముడి. నోరు విప్పని మనిషిని జైల్లో పెట్టడం ఎలా కుదిరింది? అమెరికా రాజ్యాంగం ఐదో సవరణ ప్రకారం ఎవరినీ తమకు తామే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదు కదా? మన రాజ్యాంగంలో 20(3) అధికరణ కూడా దాదాపు అదే చెబుతుంది. మరి ఆ రక్షణ ఎటుపోయింది?

ముందు గ్రాండ్ జ్యూరీ అంటే ఏమిటో చూడాలి, ఎందుకంటే ఇక్కడే మనవాళ్లు తికమక పడతారు. అమెరికాలో పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లను అడిగితే, పాస్‌పోర్ట్ తర్వాత ఇంటికొచ్చే సర్కారు కాగితం జ్యూరీ డ్యూటీ నోటీసు అంటారు. అది ఎక్కువగా మామూలు జ్యూరీ గురించి. విచారణ అంతా విని, నేరం చేశాడా లేదా అని తేల్చే పన్నెండు మంది. గ్రాండ్ జ్యూరీ పని అంతకు ముందే అయిపోతుంది. ఈ మనిషి మీద కేసు పెట్టడానికి తగినంత ఆధారం ఉందా అన్నదొక్కటే దాని ప్రశ్న. ఫెడరల్ నిబంధనల ప్రకారం 16 నుంచి 23 మంది సభ్యులు ఉంటారు. వాళ్లలో 12 మంది సరే అంటే అభియోగపత్రం తయారు. మన దగ్గర పోలీసులు చార్జిషీటు వేస్తే మేజిస్ట్రేట్ దాన్ని చూసి కేసు స్వీకరించే దశ ఉంది కదా, సుమారుగా ఆ మెట్టు దగ్గర వాళ్లకు ఈ పౌరుల బృందం ఉంటుంది.

గది లోపల ఎవరుంటారన్నది ముఖ్యం. జ్యూరీ సభ్యులు, ప్రాసిక్యూటర్, మాటలన్నీ రికార్డు చేసే మనిషి, అవసరమైతే దుబాసీ, కుర్చీలో సాక్షి. అంతే. జడ్జి ఉండడు. అవతలి పక్షం లాయరు ఉండడు, ఎందుకంటే అవతలి పక్షం అంటూ ఇంకా లేదు. సాక్షి డబ్బులు పెట్టి లాయరును తెచ్చుకున్నా ఆయన తలుపు బయటే ఆగిపోవాలి. ప్రశ్న అర్థం కాకపోయినా, ప్రమాదం అనిపించినా సాక్షి లేచి, అనుమతి అడిగి, వరండాలోకి వెళ్లి, లాయరు చెవిలో ప్రశ్న చెప్పి, జవాబు తెచ్చుకుని మళ్లీ వచ్చి కూర్చోవాలి. ఇంకో ప్రశ్న వేస్తే మళ్లీ అదే తంతు. ఇరవైమంది ఇవన్నీ చూస్తూ ఉంటారు. నిజమే చెప్పేవాడు ఇన్నిసార్లు బయటికెందుకు పరుగెడుతున్నాడు అని వాళ్లకు అనిపించదా? చట్టం ఇచ్చిన హక్కునే వాడుకుంటున్నా, వాడుకున్న ప్రతిసారీ మనిషి దొంగలా కనిపిస్తాడు.

లోపల సాక్ష్యానికి సంబంధించిన మామూలు నియమాలు కూడా వర్తించవు. ఎవరో చెప్పగా విన్న మాట చాలు, దాని మీదే అభియోగం పెట్టవచ్చని సుప్రీంకోర్టు 1956లో కోస్టెల్లో కేసులో చెప్పింది. అక్రమ సోదాలో దొరికిన వస్తువుల ఆధారంగానూ సాక్షిని ప్రశ్నలు అడగవచ్చని 1974లో కలాండ్రా కేసులో తేల్చింది. 'మీరు మౌనంగా ఉండవచ్చు, మీరు చెప్పేది మీకు వ్యతిరేకంగా వాడవచ్చు' అంటూ పోలీసులు అరెస్టు సమయంలో చదివే హెచ్చరిక ఉందే, సినిమాల్లో మనం వందసార్లు విన్నది, అది గ్రాండ్ జ్యూరీ సాక్షికి చదివి వినిపించాల్సిన పని లేదని నలుగురు జడ్జీలు అభిప్రాయపడిన మాండుహానో తీర్పు 1976 మేలో వచ్చింది. ఈ ఎపిసోడ్ ప్రసారానికి ఆరు నెలల ముందు.

మరి ఇలాంటి గదిని ఎవరైనా ఎందుకు కట్టారు? కట్టినప్పుడు ఉద్దేశం మంచిదే. 1166లో ఇంగ్లండు రాజు రెండో హెన్రీ ఊళ్లో పెద్దమనుషులు పన్నెండేసి మందిని పిలిచి, మీ దగ్గర నేరస్థులెవరో ప్రమాణం చేసి చెప్పమన్నాడు. అప్పటికి అది రాజు చేతిలో పరికరమే. పోనుపోను అది రాజుకే అడ్డం తిరిగింది. 1681లో రెండో చార్లెస్ రాజు షాఫ్ట్స్‌బరీ ప్రభువు మీద రాజద్రోహం కేసు పెట్టించబోతే లండన్ గ్రాండ్ జ్యూరీ కుదరదంది. 1734లో న్యూయార్క్‌లో గవర్నరును విమర్శించిన పత్రిక ముద్రాపకుడు జాన్ పీటర్ జెంగర్ మీద అభియోగం మోపమంటే గ్రాండ్ జ్యూరీలు ఒప్పుకోలేదు. సర్కారుకూ సామాన్యుడికీ మధ్య ఇది గోడ అన్న నమ్మకం ఇలా పుట్టింది, ఆ నమ్మకంతోనే 1791లో ఐదో సవరణలో దీన్ని రాసుకున్నారు. ఇంకో చమత్కారం: మౌనహక్కు, గ్రాండ్ జ్యూరీ రెండూ ఒకే సవరణలో పక్కపక్కనే ఉన్నాయి. రాక్‌ఫర్డ్ కథలో ఆ రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి.

అయితే గోడ క్రమంగా ఎటువైపు వంగిందో అందరికీ తెలుసు. లోపలికి సాక్ష్యం తెచ్చేది ప్రాసిక్యూటరే, చట్టం వివరించేది ప్రాసిక్యూటరే, వేరే గొంతు వినపడదు. ప్రాసిక్యూటర్లు గ్రాండ్ జ్యూరీ చేత హ్యామ్ శాండ్‌విచ్ మీద కూడా అభియోగం మోపించగలరని న్యూయార్క్ ప్రధాన న్యాయమూర్తి సోల్ వాక్ట్‌లర్ 1985లో అన్న మాట సామెతైపోయింది. ఆ తర్వాత 1993లో ఆయన మీదే గ్రాండ్ జ్యూరీ అభియోగం మోపింది. సామెత చెప్పినవాడికే సామెత చుట్టుకోవడం అరుదు! నమ్మకం లేకపోతే ఈ లెక్క చూడండి: 2010లో ఫెడరల్ ప్రాసిక్యూటర్లు నడిపిన సుమారు 1,62,000 కేసుల్లో గ్రాండ్ జ్యూరీలు కాదన్నవి 11.

ఇప్పుడు మౌనహక్కు దగ్గరికి వద్దాం. ఇది ఎలా కరిగిపోతుందో ఎపిసోడ్ కన్నా చట్టాన్ని ముందు పెట్టుకుని చూస్తేనే బాగా అర్థమవుతుంది.

సాక్షి 'ఐదో సవరణ' అన్నాడనుకోండి. అంటే నా జవాబు నన్నే నేరంలో ఇరికించవచ్చు, కాబట్టి చెప్పను అని. ప్రాసిక్యూటర్ దగ్గర దీనికి విరుగుడు ఉంది. సరే, నీ జవాబును నీ మీద వాడం అని ఇమ్యూనిటీ ఇస్తాడు. దానికి కోర్టు ఉత్తర్వు కావాలి గానీ ప్రాసిక్యూటర్ పద్ధతి ప్రకారం అడిగితే జడ్జి కాదనడానికి దాదాపు వీలుండదు. ఆ ఉత్తర్వు వచ్చిన క్షణం నుంచి నీ మాట నిన్ను ఇరికించే ప్రశ్నే లేదు గనక, మౌనంగా ఉండే హక్కూ లేదు. కవచం ఇస్తున్నాం తీసుకో అంటూనే ఒంటి మీదున్న కవచాన్ని ఊడదీసుకుంటారు. సాక్షి నాకు ఈ ఇమ్యూనిటీ వద్దు మొర్రో అన్నా లాభం లేదు. అడగకుండానే వచ్చే వరమిది.

పైగా ఆ ఇమ్యూనిటీ కూడా పూర్వం ఉన్నంతది కాదు. 1893 నాటి చట్టం ప్రకారం ఒక సంఘటన గురించి బలవంతంగా చెప్పిస్తే, ఆ సంఘటనకు సంబంధించి ఇక ఆ మనిషిని ఎప్పటికీ ముట్టుకోకూడదు. 1970లో మాఫియాను అణచడానికి తెచ్చిన చట్టం దీన్ని బాగా కుదించింది. నువ్వు చెప్పిన మాటనూ, ఆ మాట పట్టుకుని సంపాదించిన ఆధారాలనూ నీ మీద వాడం, కానీ వేరే దారిలో ఆధారం దొరికితే కేసు పెడతాం అంది. 1972లో కాస్టిగార్ కేసులో సుప్రీంకోర్టు ఇది చాలునంది. వేరే దారిలోనే దొరికిందని రుజువు చేసుకోవాల్సింది ప్రభుత్వమే అని ఒక షరతు మాత్రం పెట్టింది.

పోనీ, ఇరికించని చిన్న చిన్న ప్రశ్నలకు జవాబిచ్చి, అసలు ప్రశ్న దగ్గర ఆగిపోతే? అక్కడా గొయ్యి ఉంది. డెన్వర్‌లో జేన్ రోజర్స్ అనే ఆమె గ్రాండ్ జ్యూరీ ముందు, నేను కమ్యూనిస్టు పార్టీ స్థానిక కోశాధికారిగా చేశాను, పుస్తకాలు ఇంకొకరికి అప్పగించాను అని చెప్పింది. ఎవరికి అంటే చెప్పనంది. సగం చెప్పాక మిగతా సగం దాచుకునే హక్కు పోయినట్టేనని 1951లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అప్పటి నుంచి లాయర్లు సాక్షులకు చెప్పే మాట ఒకటే: పేరు, అడ్రసు తప్ప దేనికీ నోరు తెరవొద్దు. బయటినుంచి చూసేవాళ్లకు అదంతా మొండితనంలా, ఏదో దాస్తున్నట్టు కనిపిస్తుంది. వాళ్లు గోతిని తప్పించుకోవడానికి అడుగులు లెక్కపెట్టుకుంటున్నారంతే.

ఇమ్యూనిటీ వచ్చాక కూడా మాట్లాడకపోతే సాక్షిని జడ్జి దగ్గరికి తీసుకెళతారు. చెప్పు అని జడ్జి ఆదేశిస్తాడు. చెప్పకపోతే కోర్టు ధిక్కారం, జైలు. దీనికి విచారణ లేదు, నేర నిర్ధారణ లేదు, ఇన్నేళ్లని శిక్ష కూడా లేదు. ఇది శిక్షే కాదు, ఒత్తిడి మాత్రమే అంటుంది చట్టం. చెప్పడానికి ఒప్పుకున్న రోజే విడుదల. అందుకే అక్కడి కోర్టుల్లో పాతకాలం నుంచి ఒక మాట తిరుగుతూ ఉంటుంది: ఇలాంటి ఖైదీ జైలు తాళంచెవి అతని జేబులోనే ఉంటుంది. 1966లో షిల్లిటాని కేసులో సుప్రీంకోర్టు ఈ మాట వాడుతూనే ఒక హద్దు గీసింది: గ్రాండ్ జ్యూరీ గడువు ముగిస్తే ఇక చెప్పడానికి వినేవాళ్లు లేరు, కాబట్టి వదిలేయాలి. 1970 చట్టం దానికి 18 నెలల పైపరిమితి పెట్టింది. క్లింటన్ దంపతుల పాత భూవ్యాపారం మీద జరిగిన వైట్‌వాటర్ దర్యాప్తులో సూసన్ మెక్‌డూగల్ 1996 నుంచి 1998 దాకా ఆ 18 నెలలూ పూర్తిగా లోపలే ఉంది. న్యూయార్క్ టైమ్స్ విలేకరి జుడిత్ మిల్లర్ 2005లో 85 రోజులు ఉండి, తనకు సమాచారం ఇచ్చినవాడు అనుమతిచ్చాక బయటికొచ్చింది. వాళ్లిద్దరి జేబుల్లోనూ తాళంచెవి నిజంగానే ఉంది. తిప్పకూడదని వాళ్లే అనుకున్నారు.

రాక్‌ఫర్డ్ ఎపిసోడ్ పట్టుకున్న నరం ఇక్కడే ఉంది. అతని జేబులో తాళంచెవి లేదు.

ఈ యంత్రమంతా ఒక ఊహ మీద నడుస్తుంది: నోరు మూసుకున్నవాడికి ఏదో తెలుసు. తెలిసీ చెప్పనివాడి మీద ఒత్తిడి పనిచేస్తుంది. ఏమీ తెలియనివాడు ఏం చెబుతాడు? 'నాకు తెలియదు' అంటే ప్రాసిక్యూటర్ నమ్మాలి. నమ్మకపోతే అది తప్పించుకునే జవాబు అవుతుంది, అప్పుడు ధిక్కారం. లేదా అబద్ధపు ప్రమాణం అవుతుంది, ఇమ్యూనిటీ దానికి వర్తించదు కాబట్టి దాని మీద కొత్త కేసు. పోనీ వాళ్లు వినాలనుకున్నదే ఏదో ఒకటి కల్పించి చెబితే అది నిజంగానే అబద్ధపు ప్రమాణం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేరస్థుడికి బేరమాడుకోవడానికి సరుకు ఉంటుంది. నిరపరాధి చేతులు ఖాళీ. ఈ గదిలో అందరికన్నా ఎక్కువ ఇరుక్కునేది అతనే.

ఇక్కడ లాటిన్ మాటొకటి గుర్తొస్తుంది. ఇంగ్లండులో గ్రాండ్ జ్యూరీ అభియోగాన్ని తిరస్కరించేటప్పుడు కాగితం వెనక 'ఇగ్నొరామస్' అని రాసేవారు. మాకు తెలియదు అని అర్థం. షాఫ్ట్స్‌బరీ కాగితం మీద రాసిందీ అదే. తర్వాత్తర్వాత ఆ మాట ఇంగ్లీషులో మొద్దు అనే తిట్టుగా మారిందనుకోండి, అది వేరే కథ. జ్యూరీ 'తెలియదు' అంటే మనిషి ఇంటికి పోయేవాడు. అదే గదిలో సాక్షి 'తెలియదు' అంటే జైలుకు పోవచ్చు.

అప్పటి అమెరికన్ ప్రేక్షకులకు ఇది గాల్లో కట్టిన కథ కాదు. నిక్సన్ హయాంలో న్యాయశాఖ వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే కుర్రకారు మీద గ్రాండ్ జ్యూరీలను వలలా విసిరింది. మీ ఇంటికి ఎవరొచ్చారు, ఎవరితో ఏం మాట్లాడారు అంటూ ప్రశ్నలు. 1970లో లాస్ ఏంజెలెస్ ప్రాంతం నుంచి ఐదుగురిని అరిజోనాలోని టూసాన్‌కు పిలిపించి, నోరు విప్పనందుకు జైల్లో పెట్టారు. గ్రాండ్ జ్యూరీ గడువు ముగిసింది, బయటికొచ్చారు. కొత్త గ్రాండ్ జ్యూరీ ముందుకు రమ్మని మళ్లీ సమన్లు చేతిలో పెట్టారు. న్యాయంగా ఇంకోటి కూడా చెప్పాలి: వాటర్‌గేట్ కుంభకోణంలో 1974 మార్చిలో నిక్సన్ సన్నిహితుల మీద అభియోగాలు మోపి, ఆయన్నే కుట్రలో భాగస్వామిగా పేర్కొన్నదీ ఒక గ్రాండ్ జ్యూరీయే. పనిముట్టు ఒకటే. అందుకే దీన్ని ఒక్క మాటతో మంచిదనీ చెడ్డదనీ కొట్టిపారేయడం నాకు చేతకావడం లేదు.

మన దగ్గర ఇలా జరుగుతుందా అని అడిగితే, గ్రాండ్ జ్యూరీ వరకు జరగదు. ఈస్టిండియా కాలంలో మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల్లో గ్రాండ్ జ్యూరీలు ఉండేవి. 1865లో తీసేశారు. ఇంగ్లండే 1933లో వదిలించుకుంది. ఇమ్యూనిటీకి మన దగ్గర దగ్గరి చుట్టం అప్రూవర్ పద్ధతి. వార్తల్లో 'అప్రూవర్‌గా మారిన నిందితుడు' అని చదువుతుంటాం కదా, అదే. కానీ అప్రూవర్ తన ఇష్టంతో ఒప్పుకుని, క్షమాపణ తీసుకుని, నిజం చెబుతానని ముందుకొస్తాడు. అతని నెత్తిన ఎవరూ వరం రుద్దరు. కోర్టులో సాక్షిగా బోనెక్కినవాడి సంగతి వేరే. 1872 నాటి సాక్ష్య చట్టం 132వ సెక్షన్ (2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 137వ సెక్షన్) ప్రకారం జవాబు నన్నే ఇరికిస్తుంది అనే సాకుతో సాక్షి తప్పించుకోలేడు. బలవంతంగా చెప్పించిన ఆ జవాబును అతని మీద వాడకూడదు, అబద్ధం చెబితే తప్ప. చూస్తే అమెరికా ఇమ్యూనిటీకి ఇది అన్నలాంటిది. తేడా అంతా గదిలో ఉంది. మన సాక్షి చుట్టూ తెరిచిన తలుపులు, జడ్జి, రెండు పక్షాల లాయర్లు, వెనక బెంచీల మీద వాయిదాకొచ్చిన జనం ఉంటారు. 1978లో నందినీ సత్పతి కేసులో మన సుప్రీంకోర్టు పోలీసు విచారణలో కూడా మౌనహక్కు ఉందనీ, లాయరును దగ్గర ఉంచుకోనివ్వాలనీ చెప్పింది. పోలీసు స్టేషన్లో అది ఎంతవరకు అమలవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

ఎపిసోడ్ వచ్చిన మరుసటి ఏడాదే అమెరికన్ బార్ అసోసియేషన్ గ్రాండ్ జ్యూరీ సంస్కరణలు కోరింది. సాక్షి వెంట లాయరును లోపలికి రానివ్వడం అందులో ఒకటి. మసాచుసెట్స్, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాలు రానిస్తున్నాయి. ఫెడరల్ గ్రాండ్ జ్యూరీలో మాత్రం లాయరు ఇప్పటికీ వరండాలో బెంచీ మీదే కూర్చుంటాడు, సాక్షి లేచి బయటికొచ్చినప్పుడల్లా ప్రశ్న ఏమిటో అడిగి తెలుసుకుంటూ.